తెలుగు మాటకి తెలుగు అక్షరం వేయండి: సినిమా, టీవీ, ఓటీటీ వాళ్లకు ఒక సాంచల కార్మికుడి బిడ్డ బహిరంగ లేఖ

తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు, టీవీ ఛానళ్లు, ఓటీటీలు నడిపేవారికి, థియేటర్ల యజమానులకు,

నమస్కారం. మాది సిరిసిల్ల. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పటి నుంచి మీ సినిమాలు, సీరియళ్లు చూస్తూ పెరిగాను, ఇప్పటికీ వారానికి రెండు మూడైనా చూడకుండా ఉండలేను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ లేఖ రాస్తున్నది సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషే అని మీకు తెలియాలి. అడిగేది ఒక్కటే, తెలుగు సినిమాలకి, సీరియళ్లకి కింద తెలుగులోనే అక్షరాలు, అంటే సబ్‌టైటిల్స్, వేయండి.

మొన్న సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ, బాపు, తమ్ముడు, నేను కలిసి 'పుష్పక విమానం' చూశాం. 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన సినిమా, మొదటి నుంచి చివరి దాకా ఒక్క డైలాగు ఉండదు. ఐసుతో చేసిన కత్తి పట్టుకుని కమల్ హాసన్‌ని చంపడానికి తిరిగే మనిషి, ఆ కత్తి చేతిలోనే కరిగిపోయి నీళ్లైపోతే వాడి మొహం, అది చూసి మా బాపు పడీ పడీ నవ్వాడు. మేమూ అదే క్షణంలో నవ్వాం. మీకిది మామూలు విషయంలా అనిపించొచ్చు. మా ఇంట్లో నలుగురం ఒకేసారి నవ్వి ఏళ్లు గడిచిపోయాయి. బాపు ఎప్పుడూ మాకంటే కాసేపటి తర్వాత నవ్వుతాడు, ఎవరో ఒకరం చెప్పాక. చాలాసార్లు చెప్పేలోపే తర్వాతి సీను వచ్చేస్తుంది, ఆయన నవ్వడం మానేసి ఊరికే తలూపుతాడు.

మా బాపుకి సరిగా వినపడదు. 1982 నుంచి 2014 దాకా సాంచల మీద పనిచేశాడు. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ని సాంచా అంటాం. ఒక్క షెడ్డులో పదుల సాంచాలు ఒకేసారి నడుస్తుంటే పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. చెవుల్లో పెట్టుకునే దూది కూడా ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. డాక్టర్ గారు చెప్పినదాని ప్రకారం, అంత చప్పుడులో ఏళ్ల తరబడి ఉంటే లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు చచ్చిపోతాయి, మళ్లీ రావు. ముందుగా పోయేది పైస్థాయి శబ్దాలు, అంటే స, శ, ఫ లాంటివి. అచ్చులు వినపడుతూ ఉంటాయి. అందుకే బాపు "ఎవలో మాట్లాడుతున్నట్టు వినవడ్తది గని ఏం మాట్లాడుతున్నరో తెల్వది" అంటాడు. వినికిడి మిషన్ పెట్టించాం. ఎదురుగా ఒక్క మనిషి కూర్చుని మెల్లగా మాట్లాడితే బాగానే పనిచేస్తుంది. సినిమాలో మాటతో పాటు వెనక సంగీతాన్ని, గాలిని, బండి హారన్‌ని అన్నిటినీ కలిపి పెంచేస్తుంది. పది నిమిషాల్లో తలనొప్పి వచ్చి తీసి జేబులో వేసుకుంటాడు.

షెడ్డులో పనిచేసిన వాళ్లందరికీ ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునే అలవాటు ఉంటుంది. బాపుకీ ఉంది. కానీ మన తెరమీద అది పనిచేయదు. తెలుగు రాని హీరోయిన్ పెదాలు ఏదో అంటాయి, డబ్బింగ్‌లో ఇంకేదో వస్తుంది. వేరే భాష నుంచి డబ్బింగ్ చేసిన సినిమా అయితే చెప్పక్కర్లేదు. మాట్లాడే మనిషి వీపు కెమెరా వైపు ఉంటుంది, లేదంటే సగం సీను చీకట్లో తీస్తారు. ఇదంతా తప్పని నేననడం లేదు, సినిమా అలాగే తీస్తారు. అందుకే కింద అక్షరాలు కావాలని అడుగుతున్నాను.

బాపు ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, టెండర్ ప్రకటనలు కూడా వదలకుండా చదువుతాడు. అంటే ఆయనకి తెలుగు చదవడం వచ్చు, చూపు బాగానే ఉంది, సినిమా పిచ్చి ఉంది. ఆయనకీ మీ సినిమాకీ మధ్య లేనిది ఒక్కటే, తెరమీద కింద రెండు లైన్ల తెలుగు.

నేను అడగాల్సిన చోటల్లా అడిగాను. ఒక ఓటీటీ కస్టమర్ కేర్‌కి 2024లో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు, మీ సూచనని సంబంధిత టీమ్‌కి పంపించాం అని. ఒక టీవీ ఛానల్‌కి మెయిల్ పెడితే జవాబే లేదు. ఒక థియేటర్ మేనేజర్‌ని అడిగితే ఆయన మర్యాదగానే, మాకు సినిమా ఎలా వస్తే అలా వేస్తామమ్మా, మా చేతిలో ఏం లేదు అన్నారు. నిర్మాతని అడిగితే ఓటీటీ చూసుకుంటుందంటారు, ఓటీటీని అడిగితే నిర్మాత ఇవ్వాలంటారు. ఇంక ఎవరిని విడిగా అడగాలో తెలియక అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

ఈ మధ్య మా ఇంటివాళ్లం చూసినవాటి గురించి, చూసినప్పుడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. అక్షరాలు లేకపోతే మామూలు మనుషులకి ఏమవుతుందో ఇందులోనే ఉంది.

1. 'బలగం'. 2023 మార్చిలో వచ్చింది, ఆ వేసవిలో మా వైపు ఊళ్లల్లో నడిబొడ్డున తెర కట్టి వేశారు. మా మేనత్త వాళ్ల ఊళ్లో కూడా వేస్తే బాపుని తీసుకెళ్లాను. ఆ సినిమాలో ఉన్న ఇల్లు మా ఇల్లే. చావుకి వచ్చిన చుట్టాలు, చనిపోయినవాళ్లకి పెట్టిన ముద్ద పిట్ట ముట్టలేదని భయపడే మనుషులు, ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద మటన్‌లో నల్లి బొక్క కాడ మొదలైన పంచాయితీ, ఇవన్నీ బాపుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బతుకంతా చూసినవే. అందుకే సగం పైగా మాట వినకుండానే అర్థం చేసుకున్నాడు, మధ్యమధ్యలో నాకే చెప్పాడు, "గిప్పుడు సూడు, అల్లుడు అలుగుతడు" అని. తర్వాత చివర్లో, ఊరూరా తిరిగి కథలు పాడే బుడగజంగాల పాట వచ్చింది. మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడింది. మొత్తం సినిమా ఆ పాట కోసమే నడిచొస్తుంది, తెరమీద వాళ్లు ఏడుస్తుంటే తెర ముందు కూర్చున్న ఊరంతా ఏడ్చింది. ముసలివాళ్లు తువ్వాలతో మొహం కప్పుకున్నారు. పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ములు, మాటలు లేనివాళ్లు, ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. బాపు చుట్టూ చూసి నా చెయ్యి తట్టి "ఏం పాడుతున్రు బిడ్డా?" అన్నాడు. నాకు గొంతు రాలేదు. చెప్పలేకపోయాను. ఆయన చుట్టూ ఉన్న మొహాలు చూసి తనూ ఏడ్చాడు, ఎందుకో తెలియకుండా. నెల తర్వాత ఫోన్‌లో ఆ పాట ఆపి ఆపి విని నోట్‌బుక్కులో రెండు పేజీలు రాసి ఇచ్చాను. గుమ్మం కాడ కూర్చుని అది చదివాడు. అప్పుడు ఏడ్చాడు అసలు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో చాలా రోజులు పెట్టుకుని తిరిగాడు. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో పోయారని పేపర్లో చూసినప్పుడు, ఆ కాగితం మళ్లీ తీసి చదివాడు.

2. 'కోర్ట్'. 2025 మార్చిలో వచ్చింది. బాపు హైదరాబాద్ వచ్చినప్పుడు నాతో పాటు మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్లాను. 2013లో విశాఖలో జరిగే కథ, పోక్సో కేసులో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులో ఇరుక్కున్న ఒక కుర్రాడు, వాడి తరఫున లాయర్‌గా ప్రియదర్శి. అమ్మాయి బంధువు మంగపతిగా శివాజీ చేసినదానికి చెవులు అక్కర్లేదు, బాపు ఆయన కళ్లు చూసే భయపడ్డాడు, "గీనెతోని గా పిల్లకు కష్టమే" అన్నాడు ఇంటర్వెల్లో. కానీ పేరులోనే ఉంది కదా, అది కోర్టు సినిమా. రెండో సగమంతా వాదనే. సాక్షి చెప్పిన మాటలో ఎక్కడ దొరికాడు, చట్టంలో ఏముంది, ఎవరు ఎవరికి డబ్బిచ్చారు, అంతా మాటల్లోనే ఉంది. నాకైతే క్లైమాక్స్ వాదన వింటుంటే ఒళ్లు జలదరించింది, హాల్లో చప్పట్లు కొట్టారు. బాపు మాత్రం కింద వస్తున్న ఇంగ్లిష్ అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నాడు. అవును, ఇంగ్లిష్‌లో వస్తున్నాయి. బయటికొచ్చాక బస్‌స్టాప్‌లో అడిగాడు, "ఇంగ్లీష్ల రాసిండ్రు గదా బిడ్డా, మనదాంట్ల ఎందుకు రాయరు?" అని. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి. తెలుగు రానివాళ్లకి మన సినిమా అర్థం కావాలని అక్షరాలు వేశారు, చాలా మంచిది, వేయాలి కూడా. తెలుగు వచ్చి వినపడనివాళ్లు అదే హాల్లో అదే టికెట్ కొనుక్కుని కూర్చుంటే వాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

3. అమ్మ సీరియళ్లు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా ఇంట్లో టీవీ అమ్మది. బాపు పక్కనే కూర్చుంటాడు. అమ్మ సీరియల్ నడుస్తున్నంతసేపు ఏమీ చెప్పదు, యాడ్స్ వచ్చినప్పుడు ఆయన వైపు తిరిగి పెద్దగా, పెదాలు తెలిసేలా, జరిగిందంతా చెప్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ ఇంత మాట్లాడుకున్నది ఈ యాడ్స్‌లోనే అనుకుంటా. నాకది చూడ్డం ఇష్టం. కానీ పోయినేడు మా చెల్లెలి కాన్పుకి అమ్మ మూడు నెలలు వెళ్లింది. బాపు మూడు నెలలూ టీవీ పెట్టలేదు. తమ్ముడు రాత్రి షిఫ్ట్. ఒక్కడే అన్నం తిని ఎనిమిదింటికే పడుకునేవాడు. నేను ఫోన్ చేస్తే వినపడదు, వీడియో కాల్‌లో నా మొహం చూసి నవ్వి పెట్టేసేవాడు. అమ్మ తిరిగొచ్చేసరికి మనిషి బక్కచిక్కిపోయాడు, మాట తగ్గిపోయింది. వినికిడి పోయినవాళ్లు మెల్లమెల్లగా మనుషుల్లోంచి తప్పుకుంటారని డాక్టర్ గారు ముందే హెచ్చరించారు. మీరు టైంపాస్ అనుకునే అరగంట ఎపిసోడ్ కొన్ని ఇళ్లల్లో ఒక మనిషిని నలుగురిలో ఉంచే తాడు.

4. ఒక క్రైమ్ సిరీస్. పేరు వద్దు, అన్నిటిలో ఇదే కథ కాబట్టి. రెండు రాత్రుల్లో తమ్ముడు, నేను, బాపు మొత్తం చూశాం. హంతకుడెవరో తెలిసే ఆధారం ఒక ఫోన్ కాల్‌లో వెనక నుంచి వచ్చే రైలు కూత. తెరమీద ఏమీ కనపడదు, వినాలంతే. బాపు చివరిదాకా ఇంకొకణ్ణి అనుమానిస్తూ కూర్చున్నాడు. అయిపోయాక మేము చెప్తే, "అయితే నేను చూసింది వేరే కథ" అన్నాడు.

5. 'మాయాబజార్'. దీని గురించి ఫిర్యాదు లేదు. కానీ చెప్పాలి. 1957 సినిమా, బాపు చిన్నప్పుడు మళ్లీ మళ్లీ ఆడినప్పుడు చూసి మాటలన్నీ నోటికొచ్చాయి. టీవీలో వస్తే మిషన్ కూడా పెట్టుకోడు. ఎస్వీ రంగారావు మాట్లాడుతుంటే బాపు పెదాలు కదులుతుంటాయి. మాయా శశిరేఖగా సావిత్రి నడిచినప్పుడు ఆ నడకలో ఘటోత్కచుణ్ణి చూసి ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే నవ్వుతాడు. అప్పుడు నాకర్థమైంది, బాపుకి పాత సినిమా వినపడుతుంది. చెవులు బాగున్న రోజుల్లో విన్నవన్నీ లోపల ఉన్నాయి. కొత్త సినిమాయే వినపడదు. అంటే ఒక మనిషికి తెలుగు సినిమా దాదాపు 2005 దగ్గర ఆగిపోయింది. ఆయనకి ఇప్పుడు అరవై మూడేళ్లు. ఇంకా ఇరవై ఏళ్లు ఆ పాత పదిహేను సినిమాలే చూడాలా?

6. ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 50 లక్షలకు పైగా మందికి వినికిడి లోపం ఉందని తేలింది, బాపులా వయసుతో, పనితో మెల్లగా చెవులు పోయి ఏ సర్టిఫికెట్టూ తీసుకోనివాళ్లు ఆ లెక్కలో ఎక్కడుంటారు? సాంచల షెడ్లు, క్రషర్లు, రైస్ మిల్లులు, బాయిలర్ల దగ్గర పనిచేసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పుట్టుకతో వినపడని పిల్లలు బధిరుల బడుల్లో తెలుగు చదవడం నేర్చుకుంటున్నారు, వాళ్లు చదవడానికి తెరమీద తెలుగు లేదు. ఇంకో సంగతి. 1990ల చివర గుజరాత్‌లో దూరదర్శన్ పాటల కార్యక్రమానికి అదే భాషలో అక్షరాలు వేసి చూశారు, అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసే బ్రిజ్ కొఠారి ఆలోచన అది. పాట వింటూ అక్షరం చూస్తే అంతంతమాత్రంగా చదివేవాళ్లకి చదవడం మెరుగుపడుతుందని తేలింది. అమెరికాలో పుట్టి తెలుగు మాట్లాడగలిగి చదవలేని మా పెద్దమ్మ మనవలకి కూడా అదే పనికొస్తుంది.

ఇక చట్టం సంగతి. నేను లాయర్‌ని కాను, చదివి తెలుసుకున్నది చెప్తున్నా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ మీడియా వినపడనివాళ్లకి అందుబాటులో ఉండాలని, క్యాప్షన్లు (నేనడిగే అక్షరాలే), సైగల భాష అని పేరుపెట్టి మరీ రాశారు. 2019 సెప్టెంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ కార్యక్రమాలకి ప్రమాణాలు ఇచ్చింది. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక పెద్ద హిందీ సినిమా ఓటీటీకి వెళ్లేముందు క్యాప్షన్లు, చూపులేనివాళ్ల కోసం మాటల్లో వర్ణన సిద్ధం చేయమని నిర్మాతలకి చెప్పింది. 2024 మార్చి 15న థియేటర్ల కోసం మార్గదర్శకాలు వచ్చాయి. ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకి ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్లు గడువిచ్చారు. మన పాన్ ఇండియా సినిమాలన్నీ ఆ మొదటి రకంలోకే వస్తాయి కదా. మరి సిరిసిల్లలో, కరీంనగర్‌లో నేను వెళ్లిన ఏ ఆటలోనూ తెలుగు అక్షరం ఎందుకు కనపడలేదు?

ఖర్చు ఎక్కువ, కష్టం అని అంటారని తెలుసు. దయచేసి ఒక్కసారి ఆలోచించండి. డైలాగులు ముందే తెలుగులో రాసి ఉంటాయి, డబ్బింగ్ చెప్పేవాళ్లు వాటిని చూసే చెప్తారు. పాటల సాహిత్యం మీ దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం ఏ మాట ఏ సెకండ్‌లో మొదలై ఎక్కడ ఆగుతుందో టైమింగులు ఎవరో కూర్చుని అప్పటికే వేసి ఉంటారు. అదే టైమింగుల్లో తెలుగు మాట పెట్టాలి, అంతే కదా. అనువాదం కూడా అక్కర్లేదు. ఆ ఫైలు నా ఫోన్‌లో ఒక ఫొటో అంత కూడా ఉండదు. తెలుగు ఫాంట్లు లేవంటారా, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇక టీవీ వాళ్లకి ఈ పని చేతగాదంటే నేను నమ్మను. న్యూస్‌లో ఎవరిదైనా ఫోన్ సంభాషణ దొరికితే ప్రతి మాటా తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఎవరు అన్నారో పేరు పెట్టి మరీ వేస్తారు. ఆ సమయంలో మా బాపు టీవీ దగ్గరికి జరిగి కూర్చుంటాడు. మొత్తం ఛానల్‌లో ఆయనకి అర్థమయ్యేది అదొక్కటే. ఎవరి ఫోన్ గొడవో ఆయనకెందుకు, మీ కథ ఆయనకి కావాలి.

మా కోరికలు ఇవి:

1. తెలుగు సినిమా, సిరీస్ ఏదైనా ఓటీటీలోకి వచ్చే రోజునే తెలుగు అక్షరాలు కూడా ఉండాలి. తర్వాత వేస్తామంటే కుదరదు, ఊరంతా మాట్లాడుకునేది ఆ మొదటి వారమే. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటున్నాయి, అవి అన్నిటికీ రావాలి. భాష కింద తెలుగు ఉన్న చోటల్లా అక్షరాల కింద కూడా తెలుగు కనపడాలి.

2. ప్రతి పట్టణంలో వారానికి కనీసం ఒక ఆట తెలుగు అక్షరాలతో వేయండి. ఆదివారం మధ్యాహ్నం ఆట అయితే మంచిది. టికెట్ బుక్ చేసే చోట ఆ సంగతి స్పష్టంగా రాయండి, లేకపోతే వేసినా మాకు తెలియదు. అక్షరాలు అడ్డమనుకునేవాళ్లకి మిగతా ఆటలన్నీ ఉన్నాయి.

3. డైలీ సీరియళ్లు ముందు రోజు దాకా షూటింగ్ జరుగుతుంటాయని, ఎపిసోడ్ చివరి నిమిషంలో వస్తుందని నాకు తెలుసు. మొదటి ప్రసారంలో కుదరకపోతే మర్నాడు మళ్లీ వేసేటప్పుడైనా అక్షరాలతో వేయండి. బాపు ఒక రోజు ఆలస్యంగా చూస్తాడు, పర్వాలేదు.

4. పాటలు వదిలేయొద్దు. చాలా చోట్ల పాట రాగానే 'సంగీతం' అని ఒక్క మాట వేసి ఊరుకుంటారు. తెలుగు సినిమాలో పాట కథే. 'బలగం' రాత్రి మా బాపుకి జరిగింది మళ్లీ ఎవరికీ జరగకూడదు.

5. తెర బయట జరిగేది కూడా రాయండి. రైలు కూత, తలుపు చప్పుడు, పక్క గదిలో ఏడుపు, కనపడకుండా మాట్లాడుతున్నది ఎవరు అనేది. ఇవి లేకపోతే సగం సినిమా పోతుంది.

6. యాసని మార్చొద్దు. పాత్ర "గట్లనే" అంటే కింద "అలాగే" అని రాయొద్దు. శ్రీకాకుళం మాట శ్రీకాకుళంలా, చిత్తూరు మాట చిత్తూరులా ఉండాలి. పెదాలు చూసేవాళ్లకి రెండూ కలవకపోతే ఇంకా గందరగోళం. ఈ పని యంత్రానికి వదిలేస్తే మా యాసని అది అసలు పట్టుకోలేదు, ఒక మనిషి చదివి సరిచేయాలి. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న తెలుగు పిల్లలు వేలమంది ఉన్నారు, వాళ్లకి పనిచ్చినట్టూ అవుతుంది.

7. అక్షరాలు వేశాక మామూలు టీవీలో, పది అడుగుల దూరం నుంచి ఒకసారి చూడండి. ఒత్తులు విరిగిపోయి గుండ్రటి చుక్కలు కనపడితే చదవలేం. వెనక నల్లటి పట్టీ ఉంటే తెల్ల చొక్కా మీద కూడా కనపడుతుంది.

రెండు ప్రభుత్వాలకి కూడా ఒక మాట. 2025 జనవరి నుంచి జాతీయ అవార్డులకి పంపే సినిమాలకి క్యాప్షన్లు ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. తెలంగాణలో గద్దర్ అవార్డులకి, ఆంధ్రప్రదేశ్‌లో సినిమా అవార్డులు ఇస్తే వాటికి కూడా అదే నిబంధన పెట్టండి, తెలుగు అక్షరాలతో అని స్పష్టంగా రాయండి. పెద్ద సినిమాలకి టికెట్ రేట్లు పెంచుకోవడానికి జీవో ఇచ్చేటప్పుడు, ఆ జీవోలోనే అక్షరాలతో ఆటలు వేయాలని ఒక వాక్యం చేర్చండి. ఎక్కువ డబ్బు తీసుకునే హక్కు ఇస్తున్నప్పుడు ఇది పెద్ద షరతేమీ కాదు. వేయకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా చెప్పండి. ఇప్పటిదాకా నాకు ఎదురైన పెద్ద కష్టం అదే, తప్పు ఎవరిదో తెలిసే దారి లేదు.

దర్శకులకి, రచయితలకి విడిగా ఒక విన్నపం. ఒక్క మాట కోసం మీరు రాత్రంతా కూర్చుని ఉంటారు. ఆ మాట మా బాపులాంటి వాళ్లకి చేరడం లేదని మీకెవరూ చెప్పి ఉండరు. మీరు అడిగితే నిర్మాత కాదనరు. ఒప్పందంలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అని ఉన్న చోట పక్కనే తెలుగు అని ఇంకో మాట రాయించండి.

వచ్చే సంక్రాంతికి బాపుని సినిమాకి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఏ సినిమా అయినా సరే, ఏ హీరోది అయినా సరే. సిరిసిల్లలో లేకపోతే కరీంనగర్, అక్కడా లేకపోతే హైదరాబాద్ అయినా వస్తాం. తెలుగు అక్షరాలతో ఏ థియేటర్‌లో, ఏ ఆటకి వేస్తున్నారో ముందుగా చెప్పండి. నాలుగు టికెట్లు కొంటాం.

ఇట్లు,
ఒక సాంచల కార్మికుడి బిడ్డ,
సిరిసిల్ల